పాట ఆగిన చోటు

ప్రేమలీల టీచరుకు సముద్రమంటే భయం. బుచ్చిరెడ్డిపాలెం మడుల్లో మోకాటిలోతు నీళ్లే చూసి పెరిగిన మనిషికి బోగోలు దగ్గర చేపలు పట్టే పల్లెకారుల ఊళ్లో, పంచాయతీ సమితి బడిలో ఉద్యోగమైంది. ప్రకృతి పాఠానికి ప్రతి శనివారం పిల్లల చేత సముద్రపొడ్డున గవ్వలు, ఈకలు ఏరించాలని ఇన్‌స్పెక్టరుగారు చెప్పి వెళ్లారు. అది మొదలు శుక్రవారం వచ్చిందంటే ఆమెకు అన్నం సయించదు. శనివారం కొంగు బొడ్లో దోపుకొని, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని ఇసుకలో అటూ ఇటూ తిరుగుతుంది. పిల్లలేమో పడవల చాటుకూ సరుగుడు చెట్ల వెనక్కూ పోతారు. అందుకే ఏరినంతసేపూ అందర్నీ పాడమంటుంది. వాళ్ల ఊళ్లో నాట్లేసే ఆడవాళ్లు అలాగే పాడేవారు. ఒక గొంతు ఆగితే పామేమోనని అందరూ అటు పరుగెత్తేవారు.

ఒక శనివారం మస్తానమ్మ అనే పిల్ల బొంగురు గొంతు ఆగిపోయింది. టీచరు పరుగెత్తబోతే చెప్పులు ఇసుకలో దిగబడ్డాయి. వాటిని విదిలించుకొని, ఆ పిల్ల పేరు పెట్టి అరుస్తూ నడుంలోతు నీళ్లలోకి దిగింది. అల కొట్టి పడేసింది. లేచి వెనక్కి చూస్తే, పడవ చాటు నుంచి మస్తానమ్మ బుగ్గలుబ్బించుకొని వస్తోంది.

"పాడకుండా ఏం చేస్తుండావే?"

పిల్ల నోట్లోని గవ్వలు ఇసుకలోకి ఉమ్మింది. "చేతుల నిండా ఈకలుండాయి టీచరమ్మా. పావడాకి జేబు లేదు. గవ్వలు యాడ పెట్టుకునేది?"

మరుసటి శనివారానికి ఆడపిల్లల పావడాలన్నిటికీ టీచరు పాత చీర గుడ్డతో జేబులు వచ్చాయి. పాట ఎక్కడా ఆగలేదు. ఆమె మాత్రం చెప్పులు బడిలోనే వదిలి వచ్చింది.