శిరివెళ్లలో దిగినట్టు

ఆస్ట్రేలియాలో గుడి పనికి పోయేటప్పుడు, మధ్యలో ఆగి పోయే విమానాన్ని నేనే తెలివిగా ఎంచుకున్నానని ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్లందరికీ చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఎంచింది నా భార్య.

టికెట్టు కొనే రోజు నేను ఫోనులో బెంగళూరు నుంచి నేరుగా పోయే విమానం చూసి మనసు పడ్డాను. ధర ఎక్కువే. ఆమె చింతపండు పిసుకుతూ అంది: “ఆగి పోయేది తీసుకో. బస్సులో నంద్యాలకు పోయేదానికే నడిమధ్యన శిరివెళ్లలో దిగి కాళ్లు సాపుకుంటావ్.”

“విమానమంటే పల్లె బస్సు అనుకుంటాండావా మే?”

“ఏదెక్కినా మోకాళ్లు నీవే కదప్పా.”

రోజంతా బాసింపట్టు వేసుకుని ఉలి పట్టే మోకాళ్లు అవి. చివరికి ఆమె చెప్పినదే చవకగా కొన్నాను.

మధ్యలో దిగిన ఆ విమానాశ్రయం ఇప్పటికీ కలలాగే గుర్తుంది. అద్దాల అవతల తెల్లటి వెలుగు, కాళ్ల కింద మెత్తటి తివాచీ. మోకాళ్ల నొప్పి ఎక్కడో మరిచిపోయి వచ్చినట్టు తేలిపోతూ నడిచాను. ఏ క్షణాన కండక్టరు “ఎక్కండప్పా” అని పిలుస్తాడో అనిపించింది.

తిరిగొచ్చాక ఆ ఉపాయం నాదేనని చెప్పిన ప్రతిసారీ ఆమె పక్కనే ఉండి వినింది. ఒక్కసారీ కాదనలేదు. అదే నన్ను తినేసింది.

నిన్న, మా రాతిపని షెడ్డులో చేసే శిల్పి ఒకాయన అదే గుడి పనికి పోతూ, ఏ విమానం మంచిదని అడగడానికి ఇంటికొచ్చాడు.

“ఆమెనడుగు. అప్పుడు నాకు చెప్పింది ఆమే” అన్నాను.

ఆమె నన్నొకసారి చూసి, అతని వైపు తిరిగింది.

“నీకు నొప్పి యాడుందన్నా? మోకాళ్లా, నడుమా?”