ఖాళీగా వదలని గడి

సామూహిక హత్యల జ్ఞాపకాల మీద పరిశోధన చేస్తూ 2004లో గద్వాల దగ్గరి ఒక పల్లెలో ఒక అవ్వను కలిశాను. ఆమె కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఊళ్లోని మగవాళ్లను పట్టుకుపోయి చంపారు. ఆమె భర్త శవం మాత్రం దొరకలేదు. అందుకే ఆమె బొట్టు తీయలేదు.

నా ఫారంలో భర్త పేరు పక్కన, బతికున్నాడా చనిపోయాడా అని రాయడానికి ఒక గడి ఉంది. ఖాళీగా వదిలితే కొంపేం మునిగేది కాదు. అయినా ‘మృతుడు’ అని రాసి, చదివి వినిపించాను.

నెల తర్వాత ఆ ఫారం మీద వేలిముద్ర కోసం వెళ్తే ఆమె నుదురు బోసిగా ఉంది.

“ఏందవ్వా ఇది?” అన్నాను.

“నువ్వే చెప్తివి గద బిడ్డా. సదువుకున్నోనివి, తెల్వకుండ రాస్తవా.”

నాకు తెలియదు. ఆ మాట చెప్పలేక ఇంకు డబ్బీ మూత తీశాను.