తాళం తీసినా ఆగని బండి

ఆ వీధిలో అతణ్ణి చెవి మేస్త్రి అంటారు. స్క్రూడ్రైవర్ పిడి చెవికి ఆనించుకుని, రెండో కొస ఇంజను మీద పెట్టి, కళ్ళు మూసుకుని రోగమేమిటో చెప్పేసేవాడు. బేరింగు పోయిందంటే పోయినట్టే. విప్పి చూడటమన్నది ఎదుటివాళ్ళ తృప్తి కోసమే. అలాంటి మనిషికి చెవుడు తెప్పించడం కంటే దేవుడు వేరే పరాచికం ఏమాడగలడు? కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమది పోతూ ఉంది. ఈ సంగతి అతనికి తప్ప నరమానవుడికి తెలియదు.

తెలియనివ్వకుండా ఉండటానికి అతను పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. ఎవరైనా మాట్లాడటానికి వస్తున్నారంటే చాలు, దగ్గర్లో ఉన్న బండి ఏదో ఒకటి స్టార్టు చేసి ఉంచుతాడు. ఆ మోతలో ఎవరైనా అరిచే చెప్పాలి, అరిస్తే అతనికి వినిపిస్తుంది. ఇంట్లో ఇంజను లేదు కనక అక్కడ అన్నిటికీ ఒకటే జవాబు, "అలాగే" అని. అన్నాక ఏ పనీ చెయ్యడు. చెప్పిన మాట చెవికెక్కించుకోని మొండిఘటమని భార్య చుట్టాలందరి దగ్గరా వాపోయింది. మొండివాడనిపించుకోవడమే అతనికి నయమనిపించింది. చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవరు తెస్తారు?

కానీ మనిషి అలిసిపోయాడు. పెదవులు చూసి మాట పోల్చుకోవాలి. అర్థమైనట్టు నవ్వాలి. అయ్యో అనవలసిన చోట నవ్వానేమోనని ఆ తరవాత బెంగపడాలి. ఇంజను దించి ఎక్కించినా ఒళ్ళు అంతగా హూనమవదు.

ఆ ఉదయం అక్క తన పాత టర్బో డీజిల్ కారు వేసుకుని వచ్చింది. కారు బావది. ఆయన పోయాక అమ్మెయ్యమని తలా ఒక సలహా ఇచ్చారు. ఆవిడ డ్రైవింగు నేర్చుకుని అందరి నోళ్ళూ మూయించింది. షెడ్డు ముందు ఆపి, తాళం తీసి గుప్పిట్లో పెట్టుకుని దిగింది. ఇంజను మాత్రం గుడగుడలాడుతూనే ఉంది.

"చూశావా దీని పొగరు! తాళం తీసినా ఆగదు. ప్రతిసారీ బానెట్ ఎత్తి ఆ మీట నొక్కి దీని నోరు మూయాల్సొస్తోందిరా!" అని అరిచింది.

అతనికి ప్రతి మాటా వినిపించింది. తడుముకోకుండా ఒక మనిషి మాట విని ఎన్నాళ్ళయిందో. ప్రాణం లేచొచ్చింది.

"వాక్యూమ్ చాలట్లేదక్కా. ఎక్కడో పైపు లీకవుతోంది."

అలాంటి పాత డీజిల్ బండిని ఆపేది కరెంటు కాదు, గాలి లాగుడు. ఇంజను పక్కనున్న పంపు ఎప్పుడూ గాలిని లాగుతూ ఉంటుంది. తాళం తిప్పితే ఆ లాగుడు సన్నపాటి పైపు గుండా వెళ్ళి డీజిల్ వచ్చే దారిని మూసేస్తుంది. తలుపుల లాకులు పనిచేసేదీ ఆ లాగుడుతోనే. దారిలో ఎక్కడ చిల్లిపడినా బలం చాలదు, బండి ఆగదు. చిల్లి ఎక్కడుందో బుస్సుమనే చిన్న చప్పుడు చెబుతుంది, వినగలిగినవాడికి.

అతను బానెట్ కింద దూరి ఎడమ చెవిని ఒక్కొక్క జాయింటు దగ్గరా పెట్టాడు. గుడగుడ తప్ప ఇంకేమీ లేదు. చెవి మోసం చేశాక నాలుకను నమ్ముకోవాల్సి వచ్చింది. పైపు ఊడదీసి, నోటితో గాలి పీల్చి, కొసకు నాలుక అడ్డం పెట్టాడు. పైపు నాలుకను కరుచుకుని ఉంటే అటువైపు అంతా బాగున్నట్టు, వదిలేస్తే చిల్లి ఉన్నట్టు. దుమ్మూ నూనే కలిసిన ఆ రుచిని పక్కకి ఉమ్మేశాడు. పైపుల కొసల్లో ఎండి బిరుసెక్కిన రబ్బరు తొడుగులు చేతిలోనే పొడయ్యాయి. వాటి చోట కొత్తవి వేశాడు. బండి మాత్రం ఆగలేదు.

"కాసేపు ఆ మీట నొక్కి ఆపరా, తల దిమ్మెక్కిపోతోంది!" అంది అక్క.

"ఆపితే లీకెలా తెలుస్తుంది?"

అదీ నిజమే. అంతకంటే నిజం, ఆ మోత ఉన్నంతసేపూ అతని గుట్టు భద్రం. బండి బాగుచెయ్యాలనీ ఉంది, అది బాగుపడితే తన గతేమిటన్న భయమూ ఉంది. నడుం పట్టేసి, వెనక తలుపుకి చేరగిలబడి చెమట తుడుచుకున్నాడు. అక్క అతణ్ణీ తలుపునీ మార్చి మార్చి చూసింది. ఏమిటన్నట్టు తలెగరేశాడు. ఏం లేదన్నట్టు చెయ్యి ఊపింది.

మధ్యాహ్నానికి తలుపులకి వెళ్ళే పైపు వంతు వచ్చింది. నాలుకను కరుచుకోలేదు. పంపు వైపు కొసను ఒక స్క్రూతో బిగించి మూసేశాడు. తాళం ఎలాగూ తీసే ఉంది. ఇంజను ఒకసారి ఒళ్ళు విదిల్చి ఆగిపోయింది.

అక్క దగ్గరికి వచ్చింది. చేతులు తుడుచుకుంటూ తలెత్తేసరికి ఆవిడ పెదవులు కదిలి ఆగిపోతున్నాయి. ఏముంటుంది, ఇంటికి రమ్మనో, అన్నం తినమనో. మొహం నిండా నవ్వు పులుముకున్నాడు.

"అలాగేనక్కా."

అక్క నవ్వలేదు. కార్లో కూర్చుని మళ్ళీ స్టార్టు చేసింది. మోత మీదుగా అరిచింది.

"నేనేమడిగానో తెలుసా?"

అతను తల అడ్డంగా ఊపాడు.

"నీకు చెవుడొచ్చిందట్రా అని అడిగాను. అలాగేనక్కా అన్నావు!"

సిగ్గుతో అతని మెడ వంగిపోయింది. "ఎప్పుడు తెలిసింది?" అన్నాడు.

"పొద్దున్నే. ఆ వెనక తలుపులోంచి బుస్సుమని ఒకటే రొద. నువ్వు దానికే ఆనుకుని నిలబడి నన్ను చూసి తలెగరేశావు. ఎలా అడగాలో తెలీక ఊరుకున్నాను."

"అంటే తెలిసీ నాచేత ఆ పైపులన్నీ నాకించావా?"

అక్క కళ్ళు తుడుచుకుంటూ ఫక్కున నవ్వేసింది. అతనికీ నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇక ఎవరి దగ్గరా నటించే ఓపిక తనలో లేదని తెలిసింది.

"ఇంక ఆపెయ్యక్కా."

ఆవిడ తాళం తిప్పింది. బండి బుద్ధిగా ఆగింది. అతను కిటికీ దగ్గరికి వంగి, ఎడమ చెవి ఆవిడ వైపు తిప్పాడు.

"ఇప్పుడు చెప్పు. కొంచెం గట్టిగా చెప్పు" అన్నాడు.