మగ్గం గుంట గట్టు మీద కొంగ

ఆ దారపు కండెలు పక్కకు నెట్టి, చాప మీద ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. మా పాప మడమ సంగతి చెబుతాను.

మాది ధర్మవరం. ఇంటిల్లిపాదీ పట్టు చీరలు నేసేవాళ్ళమే. మా పాపకు మాత్రం పరుగు పిచ్చి. తెల్లవారితే కాలేజీ మైదానంలో ఉండేది. అనంతపురంలో జిల్లా ఎంపిక పోటీలు ఇంకా ఆర్నెల్లు ఉన్నాయనగా, దాని కుడి మడమ వెనక వాచింది. పొద్దున మంచం దిగితే గోడ పట్టుకొని నడిచేది. అందులో గెలిస్తేనే రాష్ట్రం పోటీలకు పోవడం. ఆ వయసువాళ్ళ పోటీకి దానికి అదే ఆఖరి ఏడు.

డాక్టరు చూసి, పరుగు మానిపించి కూర్చోబెట్టండి అన్నాడు. కూర్చోబెట్టాం. మా ఇంట్లో కూర్చోవడమంటే ఎక్కడ, మగ్గంలోనే! పెళ్ళివాళ్ళ చీర సగంలో ఉంది. మా అత్త అయితే, "ఇన్నాళ్ళకు పిల్ల మగ్గానికి దొరికినాది" అని మురిసిపోయింది.

వారాలు గడిచినా వాపు దిగలేదు. అత్త ఆముదం కాచి రుద్దింది. లాభం లేదు. ఒకరోజు పాప బూట్లు తీసుకుపోయి అటక మీద పెట్టేసింది. అది చూసి మా ఆయన చొక్కా తగిలించుకున్నాడు.

"పద పాపా, అనంతపురం పోదాం."

అక్కడ ఆటగాళ్ళకు వైద్యం చేసే ఫిజియో ఒకామె ఉంది. మడమ వెనక వేళ్ళతో నొక్కి చూసింది.

"ఇంకా పరిగెత్తుతున్నావా?"

"లేదు మేడమ్. ఇంట్లో ఊరికే కూర్చోనుంటా."

"కూర్చుని ఏం చేస్తావు?"

"మగ్గం నేస్తాండా."

"ఎట్లా నేస్తావో చూపించు."

పాప కుర్చీలో కూర్చొని గాలిలోనే మగ్గం తొక్కింది. ఒక పాదం కిందికి, ఒక పాదం పైకి, చెక్కల చప్పుడొక్కటే తక్కువ. ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది.

"దీన్ని మీ ఊళ్ళో ఊరికే కూర్చోవడం అంటారా?"

"కూర్చొనే కదా మేడమ్ నేసేది!" అన్నాడు మా ఆయన.

అప్పుడు విడమరిచి చెప్పింది. పిక్క కండను మడమ ఎముకకు కట్టిపెట్టే తాడులాంటిది ఒకటి ఉంటుందట. అది తెగలేదు, అలిసిపోయింది. మైదానంలో అలిసినదాన్ని మేము పొద్దంతా మగ్గంలో లాగించాం.

"అంటే మా తొక్కుడు చెక్క తాడు మాదిరే. అదేపనిగా గుంజితే పీచులేస్తాది" అన్నాడు మా ఆయన.

"అంతే. కానీ ఇది ప్రాణమున్న తాడు. కొద్దికొద్దిగా బరువు మోయిస్తే మళ్ళీ గట్టిపడుతుంది."

మెట్టు అంచున ముంగాళ్ళు ఆనించి, మడమలు పైకెత్తి, మెల్లగా కిందికి దించమంది. మా ఇంట్లో మెట్టెక్కడ? నేసేవాళ్ళు కాళ్ళు దించి కూర్చునే మగ్గం గుంట గట్టే మెట్టయింది. పాప బదులు నేను మగ్గంలో దిగాను. నేను నేస్తుంటే, నా నడుము పక్కనే దాని మడమలు లేస్తూ దిగుతూ ఉండేవి.

"ఏమే, కొంగ మాదిరి లేస్తాండావు, దిగుతాండావు. చేపలేమన్నా పడినాయా?" అనేది అత్త.

"పడతాదిలే అవ్వా, అనంతపురంలో!"

మొదట రెండు కాళ్ళ మీద, తర్వాత ఒంటికాలి మీద, ఆనక వీపున శనక్కాయల సంచి వేసుకొని. పొద్దుటి కుంటు పోయింది. మేడమ్ సరేనన్నాక మెల్లగా పరుగు మొదలుపెట్టింది. అటక మీది బూట్లు అత్తే దింపించి, దుమ్ము దులిపిచ్చింది.

పోటీ రోజు అందరం పోయాం. పాప మొదట వెనకబడింది. అందరూ దాని ముఖం చూస్తుంటే, నేను మడమే చూస్తున్నాను. చివరి చుట్టులో ఆ మడమ ఎట్లా లేచిందంటారూ! ఒక్కొక్కరినీ దాటుకుంటూ వస్తోంది.

"లెయ్ నా కొంగా! లెయ్!" అత్త కేకకు మైదానమంతా ఇటు తిరిగింది.

అందరికన్నా ముందు గీత దాటింది మా పాపే. ఆగకుండా అదే ఊపులో వచ్చి అత్తను ఎత్తి పట్టుకుంది.

"అవ్వా, చేప పడినాది!"

"ముందు నన్ను దించవే! కాలు బద్రమే!" అని నవ్వుతూ ఏడ్చింది అత్త.

మీ గడపలో తిరిగే పాదాలన్నీ నొప్పి ఎరగకుండా చల్లగా ఉండాలి తల్లీ. మీ పిల్లలు ఎంత దూరం పరిగెత్తినా నవ్వుతూ మీ ఇల్లు చేరాలి.