మస్టాంగ్‌లో మా ఆవిడ

ఓ ఆదివారం ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ ఊరి శివార్లలో జరిగిన పాత అమెరికన్ స్పోర్ట్స్ కార్ల ప్రదర్శనకు నేనూ మా ఆవిడా వెళ్లాం.

నా ఓటు కార్వెట్‌కి. “ఆ నడుం వంపు చూడు, ఆగి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంది,” అన్నాను.

“సోకే తప్ప కాళ్లు చాపుకునే చోటేదండీ? ఈ మస్టాంగ్ ముక్కు ఎంత దర్జాగా ఉందో!” అంది.

మస్టాంగ్ యజమాని, ఒక తెల్లజుట్టు పెద్దాయన, మా వాదన చూసి నవ్వుతూ తలుపులు తీశాడు.

ఎన్నడూ కారు నడపని మా ఆవిడ అలవాటుగా ఎడమవైపు కూర్చుంది. అమెరికన్ కారు కదా, స్టీరింగ్ అక్కడే ఉంది. దాని మీద చేతులు ఆనించి, పొడుగాటి బానెట్‌లో కదులుతున్న మబ్బుల్ని చూస్తూ ఉండిపోయింది. నేను కుడివైపు కూర్చున్నాను. కారు కదలకపోయినా ఎక్కడికో పోతున్నట్టే అనిపించింది.

“ఎక్కడిదాకా వచ్చాం?” అని మెల్లగా అడిగాను.

“మాట్లాడకండి, సముద్రం వస్తోంది,” అంది.