పిన్నీసు లేని చొక్కా

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. ఆసుపత్రి చీటీ మీద తప్ప దాన్ని ఎవరూ వాడినట్టు లేదు. ముసలివాళ్ల దగ్గర్నుంచి మొన్న మాటలు నేర్చినవాళ్ల దాకా, ఆ వీధికంతటికీ ఆవిడ పిన్నీసు పిన్ని. బడి గేటుకు ఎదురుగా, బస్సు స్టాపు పక్కన, రెండు తలుపుల వెడల్పు కూడా లేని ఇస్త్రీ కొట్టు ఆవిడది. లోపల ఒక పొడవాటి బల్ల, దాని మీద మడతలు వేసి పరిచిన దుప్పటి, ఇస్త్రీపెట్టె ఆనించే మూల మాడి నల్లబడ్డ మచ్చ. గోడకు వరసగా కొక్కేలు. పిన్ని భుజం మీద ఎప్పుడూ ఒక గుత్తి పిన్నీసులు.

ఆ పిన్నీసుల కథ ముందు చెప్పాలి. కొట్టు పెట్టిన కొత్తలో ఒక పెద్దమనిషి వచ్చి, చొక్కా జేబులో నోటు మరిచిపోయాననీ, ఇప్పుడది లేదనీ నలుగురిలో ఆవిడను నిలదీశాడు. ఆ నోటు తర్వాత ఆయన ఇంట్లోనే, ఇంకో ప్యాంటులో దొరికింది. నిలదీయడానికి నలుగురిలోకి వచ్చినవాడు, దొరికిందని చెప్పడానికి మాత్రం సందు చివర కనిపించి చెప్పి వెళ్లాడు. పిన్నికి తిక్క రేగింది. ఆ రోజు నుంచి జేబులో ఏది దొరికినా సరే, చిల్లరో, తాళంచెవో, ఊడిన బొత్తామో, చిన్న కాగితంలో పొట్లం కట్టి చొక్కా గుండెల మీద అందరికీ కనపడేలా పిన్నీసుతో గుచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది.

ఒకసారి ఒక గుమస్తా చొక్కాలో రెండు సినిమా టిక్కెట్లు దొరికాయి. అవీ అలాగే గుచ్చి ఇంటికి పంపింది. రెండో టిక్కెట్టు ఎవరిదో ఆయన భార్యకు తెలియదు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్పనక్కర్లేదు, గుమస్తా మాత్రం చాలాకాలం నలిగిన చొక్కాలతోనే ఆఫీసుకు వెళ్లాడు. పిన్ని ఇంటాయన నవ్వి, "నీ నోట్లోనూ నువ్వుగింజ నానదు, నీ చేతిలోనూ నానదు" అన్నాడు.

"జేబులో ఉన్నదే గుచ్చాను. నాదేం తప్పు?" అంది పిన్ని. అక్కడితో ఆ వాదన ముగిసింది. ఆవిడతో ఏ వాదనైనా అక్కడితోనే ముగుస్తుంది.

ఆ సర్కారు బడిలో పిన్ని మనవరాలు నాలుగో తరగతి. బడికి తల్లిదండ్రుల సంఘం ఒకటి ఉంది. లెక్కల మాస్టారు బదిలీ అయిపోయి, ఆ ఖాళీలోకి ఎవరూ రాకపోతే, పిల్లల తరఫున పైఆఫీసుకు వెళ్లి అడగడం సంఘం పని. దారిఖర్చులకు, అర్జీల ఖర్చులకు తలా కొంత వేసుకునేవారు. సంఘానికి ప్రెసిడెంటు సెల్‌ఫోన్ల కొట్టతను. మంచివాడే. కాకపోతే సంఘం డబ్బు, కొట్టు డబ్బు ఒకే సొరుగులో పడేసేవాడు. పైఆఫీసులో అధికారి, "అయితే మీ వెనకాల ఉన్నదెవరు? ఈ ఖర్చులన్నీ ఎవరు పెడుతున్నారు?" అని ఒక్క ప్రశ్న వేసేసరికి ప్రెసిడెంటు తడబడ్డాడు. ఆ తడబాటు వీధిలోకి వచ్చేలోపు దొంగతనంగా మారిపోయింది. సొరుగు తెరిచి చూపించమన్నారు. తెరిచాడు. ఏది ఎవరిదో తేలలేదు. దాంతో అందరూ డబ్బివ్వడం మానేశారు, సంఘం మూలపడింది, పిల్లలకు లెక్కలు చెప్పే దిక్కు లేకుండా పోయింది.

అప్పుడు ఎవరో అన్నారు, పరాయి జేబులో చిల్లర కూడా గుచ్చి ఇచ్చే మనిషి మన ఎదురుగానే ఉంటే వెతుక్కోవడమెందుకని. అలా డబ్బు పిన్ని చేతికి వచ్చింది. చొక్కాలకు చేసిందే ఆవిడ సంఘానికీ చేసింది. బడిలో మూలన పడున్న పాత నల్లబల్ల ఒకటి అడిగి తెచ్చి గేటుకు తగిలించింది. ఎవరు ఎంత ఇచ్చారు, దేనికి ఎంత ఖర్చయింది, ఎవరి కోసం ఖర్చయింది, అన్నీ సుద్దముక్కతో దాని మీదికి ఎక్కించేది. చూపు ఆనదు కాబట్టి అక్షరాలు గుమ్మడికాయలంత రాసేది. కళ్లజోడు కొనుక్కోమంటే, "నా కళ్లు నా వేళ్లలో ఉన్నాయి" అనేది.

తనిఖీకి వచ్చిన అధికారి ఆ గేటు ముందే నిలబడిపోయి బల్ల మొత్తం చదివాడట. వెనకాల ఎవరున్నారని ఈసారి అడగలేదు. తర్వాత కొద్ది రోజులకే కొత్త లెక్కల మాస్టారు చేరాడు. ఆ రోజు పిన్ని కొట్టులో పాట వినపడింది. ఆవిడ గొంతు బాగుండదు, అయినా ఎవరూ ఏమీ అనలేదు.

తప్పు ఆ సంతోషంలోనే జరిగింది.

నాలుగో తరగతి టీచరమ్మ ఒక పాపకు బోర్డు కనిపించడం లేదని కనిపెట్టింది. బస్సు డ్రైవరుగారమ్మాయి. తల్లి లేదు, తండ్రీ కూతుళ్లే. ఆయన జీతం కాస్తా భార్య జబ్బప్పుడు చేసిన అప్పులకే సరిపోతోంది. టీచరమ్మ అడగ్గానే సంఘం కళ్లజోడు కొనిచ్చింది. పిన్ని మురిసిపోతూ గేటు దగ్గరికి వెళ్లి, అలవాటు ప్రకారం, అంతంత అక్షరాలతో రాసింది: కళ్లజోడు, నాలుగో తరగతి, డ్రైవరుగారి అమ్మాయికి.

కొన్నాళ్లకు అన్నం తింటూ మనవరాలు, "అమ్మమ్మా, మా క్లాసులో ఒకమ్మాయి పేరు చందా కళ్లజోడు!" అని పకపకా నవ్వింది. పిన్నికి చెవిలో పడింది, బుర్రలోకి ఎక్కలేదు. ఆవిడ కూడా నవ్వింది.

ఒక మధ్యాహ్నం డ్రైవరుగారి నీలం చొక్కా ఇస్త్రీకి వచ్చింది. ఎప్పటిలాగే పిన్ని ముందు జేబులు తడిమింది. చేతికి గట్టిగా ఏదో తగిలింది. బొత్తాం విప్పి చూస్తే, నోటుపుస్తకం కాగితంలో జాగ్రత్తగా చుట్టిన కళ్లజోడు. చిన్న పిల్లలది. సంఘం కొన్నదే.

చెయ్యి దానంతటదే భుజం మీది పిన్నీసు దగ్గరికి వెళ్లింది. వెళ్లి ఆగిపోయింది. చందా కళ్లజోడు. మనవరాలి నవ్వు చెవిలో మోగింది, దాని వెంటే తన నవ్వు కూడా మోగింది. పాపం పసిది, ఎవరికి తిరిగివ్వాలో తెలియక, నాన్న జేబులో పెడితే పిన్నికి దొరుకుతుందిలే అనుకుంది. పిన్నికి దొరకనిదంటూ ఏముంది? దొరికినదాన్ని చొక్కా మీద గుచ్చి పంపితే ఇక తండ్రి చూస్తాడు. తన కూతురు బడిలో ఏం పడుతోందో ఆయనకు తెలిసిపోతుంది.

ఆవిడ స్టూలు మీద కూలబడింది. ఇస్త్రీపెట్టె ఆపాలని కూడా తోచలేదు, ఇంటాయనే వచ్చి ఆపాడు.

సాయంత్రం చొక్కా కోసం పాప వచ్చింది. కళ్లు చికిలించుకుని, గుమ్మంలోనే నిలబడింది.

"లోపలికి రా తల్లీ."

రాలేదు. "నాన్న చొక్కా ఇవ్వు పిన్నీ."

"ఇస్తాలే. జేబులోది నాకు దొరికింది."

పాప గోడకేసి చూసింది. "అది మీదేగా. సంఘానిదేగా. నాకొద్దు. నాన్నకు చెప్పకు."

"నాన్న అడిగితే ఏం చెబుతున్నావు?"

"బళ్లో పెట్టుకుంటున్నానని."

పిన్ని బల్ల దాటి వచ్చి ఆ పిల్ల ముందు గొంతుక్కూర్చుంది. పెద్దవాళ్లకు కూడా ఎప్పుడూ చెప్పని మాట ఆవిడ నోటి నుంచి వచ్చింది. "తప్పు నాదమ్మా. నేనలా రాసి ఉండాల్సింది కాదు. నన్ను క్షమిస్తావా?"

పాప ఆలోచించింది. పిల్లలు ఊరికే క్షమించరు, బేరమాడతారు. "నీకు కూడా కనపడదుగా. మరి నువ్వెందుకు పెట్టుకోవు?"

"నాకెందుకే? ముసలిదాన్ని."

"నువ్వు పెట్టుకో. అప్పుడు నన్ను ఏడిపిస్తే నిన్ను కూడా ఏడిపించాలి. నిన్ను ఏడిపించే ధైర్యం ఎవరికీ లేదు."

పిన్నికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సరేనంది. పిన్నికి కళ్లజోడు వచ్చేదాకా పాప కళ్లజోడు పిన్ని దగ్గరే ఉంటుందని ఒప్పందం. చొక్కాను మళ్లీ ఒకసారి నలగకుండా మడిచి, పిన్నీసు లేకుండా ఇచ్చి పంపింది.

అసలు కష్టం శనివారం బడి వరండాలో జరిగిన సంఘం మీటింగులో వచ్చింది. పిన్ని లేచి, "ఇక మీదట బల్ల మీద ఏం కొన్నామో ఉంటుంది, ఎంతయిందో ఉంటుంది. ఏ పిల్లకు, ఏ పిల్లాడికి అన్నది ఉండదు" అంది.

"ఎందుకని?" అన్నాడొక తండ్రి.

ఎందుకో చెప్తే పాప సంగతి చెప్పాలి. పిన్ని చెప్పలేదు. "ఉండకూడదు, అంతే."

సెల్‌ఫోన్ల కొట్టతను నెమ్మదిగా లేచాడు. "నన్ను సొరుగు తెరవమన్నప్పుడు ఇలా అంతే అంటే ఒప్పుకున్నారా పిన్నీ? దాపరికం వద్దన్నది నువ్వే. నీ వంతు వచ్చేసరికి దాస్తానంటున్నావేంటి?"

వెనకాల ఎవరో గొణిగారు, ఎవరికి కొన్నారో చెప్పకపోతే అసలు కొన్నారని ఏంటి నమ్మకమని. ఆ మాట పిన్నికి వినపడింది. అప్పటి నోటు గొడవంతా ఒక్కసారి కళ్లముందుకొచ్చింది. ఒక్క మాట చెప్తే చాలు, అందరి నోళ్లూ మూతపడతాయి. ఇన్నేళ్లూ ఆవిడ బతికింది ఆ ఒక్క మాట చెప్పడానికే. చెయ్యి భుజం మీది పిన్నీసుల మీద పడింది. చాలాసేపు అక్కడే ఉంది. ఆవిడ ఆ మాట చెప్పలేదు.

"డబ్బు మనందరిదీ. పైసాతో సహా గేటుకు తగిలిద్దాం. రసీదులు కూడా అంటిద్దాం. పిల్లలు మాత్రం వాళ్ల అమ్మానాన్నల వాళ్లు. వాళ్ల పేర్లు టీచరమ్మ దగ్గర ఉంటాయి. కొన్నది చేరిందో లేదో చూడడానికి మనలో ఒకర్ని పెట్టండి. నన్నడిగితే, ఈ ప్రెసిడెంటునే పెట్టండి."

ఆయన తెల్లబోయాడు. "నన్నా?"

"నిన్నే నాయనా. నిన్ను అనుమానించినవాళ్లలో నేనూ ఉన్నాను. నలుగురిలో మాట పడితే ఎలా ఉంటుందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఇంకొకరి బిడ్డకు ఆ గతి పట్టనివ్వవు."

ఆయన కళ్లు తుడుచుకున్నాడని కొందరు, దుమ్ము పడిందని కొందరు. మొత్తానికి ఒప్పుకున్నాడు. గొణిగిన మనిషి మాత్రం ఆ నెల నుంచి సంఘానికి డబ్బివ్వలేదు. పిన్ని కొట్టుకు బట్టలు పంపడం కూడా మానేశాడు. అది పిన్నికి ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంటుంది.

పిన్ని సొంత డబ్బుతో కళ్లజోడు కొనుక్కుంది. పెట్టుకుని ఇంటికి రాగానే ఇంటాయన, "ఇన్నాళ్లకు నా మొహం సరిగ్గా చూశావు. ఇప్పుడు చూసి ఏం లాభం?" అన్నాడు. మనవరాలికి ఆ సాయంత్రమే గట్టిగా చెప్పాల్సింది చెప్పి, తర్వాత దగ్గరికి తీసుకుంది. సోమవారం పొద్దున బడి గంటకు ముందు, వీధికటూ ఇటూ రెండు కళ్లజోళ్లు. కొట్టు గుమ్మంలో పెద్దది, గేటు దగ్గర చిన్నది. పిల్లలు కొత్త పేరు పెట్టకుండా ఊరుకుంటారా? కళ్లజోడు పిన్ని అన్నారు. ఆవిడ ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని బయటికి రాగానే పారిపోయారు. నవ్వుతూ పారిపోయినవాళ్లలో డ్రైవరుగారమ్మాయి కూడా ఉంది.

ఆ వారంలోనే ఒక రోజు డ్యూటీ దిగి డ్రైవరుగారు స్వయంగా వచ్చాడు. ఎప్పుడూ కూతుర్నే పంపే మనిషి. చొక్కా బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడ్డాడు.

"పిన్నిగారూ, నా బస్సు రోజూ ఈ గేటు ముందే ఆగుతుంది. ఆ బల్ల నేను కూడా చదివాను. రాసిన రోజే చదివాను."

పిన్ని చేతిలో పని ఆగిపోయింది.

"పిల్లకు చెప్పలేదు. నాకు తెలిసిందని దానికి తెలిస్తే ఇంకా చిన్నబుచ్చుకుంటుందని. అది నాకు చెప్పలేదు. మొన్న ఇస్త్రీకి పంపుదామని చొక్కా చేతిలోకి తీసుకుంటే జేబు బరువుగా ఉంది. ఏముందో నాకు తెలుసండీ. తీసేస్తే నేను చూశానని దానికి తెలిసిపోతుందని, అలాగే మీకు పంపాను." ఆయన బల్ల మీది చొక్కా కాలరు సరిచేశాడు. "గుచ్చి పంపిస్తారేమోనని, ఆ సాయంత్రం బస్సెలా నడిపానో నాకే తెలియదు. ఇంటికెళ్లి చూస్తే చొక్కాకు పిన్నీసు లేదు. కడుపునిండా అన్నం తిన్నానండీ ఆ రోజు."

పిన్ని కొత్త కళ్లజోడు అద్దాలు మసకబారాయి. తీసి కొంగుతో తుడుచుకుంది.

"ఒక్కటే అడుగుతాను" అన్నాడాయన. "నాకు తెలుసని అమ్మాయికి చెప్పకండి."

"నాకేం తెలుసు నాయనా చెప్పడానికి?" అంది పిన్ని, చొక్కా దగ్గరికి లాక్కుంటూ.

కాసేపటికి పాప వచ్చింది, ముక్కు మీద కళ్లజోడు సరిచేసుకుంటూ. అటూ ఇటూ చూసి బల్ల మీదికి వంగి, "నాన్న వచ్చాడటగా. ఏమీ చెప్పలేదు కదా పిన్నీ?" అని రహస్యంగా అడిగింది.

"నా నోట్లో నువ్వుగింజ నానదంటారు గానీ," అంది పిన్ని, "నేనేమీ చెప్పలేదమ్మా." చెప్పి, ఆ నీలం చొక్కా జేబును లోపలి నుంచి కూడా ఒకసారి ఇస్త్రీ చేసి, మడిచి పాప చేతికిచ్చింది.