గుమ్మం బయట విడిచిన కర్ర

గ్రామ సచివాలయాలు కొత్తగా తెరిచిన ఏడాది, కోనసీమలో గోదావరి పాయ పక్కనున్న ఒక మండల పరిషత్ కార్యాలయానికి నన్ను సూపరింటెండెంటుగా వేశారు. ఎంపీడీవో గారి తర్వాత కుర్చీ నాదే. పేరు పెద్దదే గానీ, పనంతా ఫైళ్లు కదిలించడం, పింఛన్ల కోసం వచ్చినవాళ్లకు సమాధానం చెప్పుకోవడం. మధ్యాహ్నం కరెంటు పోయిందంటే ఆఫీసంతా కునుకులోకి జారేది. కొబ్బరాకుల నీడ కిటికీలోంచి వచ్చి బల్లమీద మెల్లగా ఊగుతుంటే నేను ఏ ఊళ్లో ఉన్నానో కాసేపు నాకే తెలిసేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం సూరిబాబు గారు, ఆయన భార్య మంగ వచ్చారు. ఆయన దింపు కార్మికుడు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దించే మనిషి. వాన తడి ఆరని చెట్టు మీంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఆపరేషను అయినా కుడి మోకాలు మడత పడదు. కర్ర లేనిదే నడవలేరు. మంగ కొబ్బరి పీచు పనికి వెళుతోంది గానీ దాంతో బియ్యం కూడా సరిపోవడం లేదు. వికలాంగుల పింఛను వస్తే తప్ప ఆ ఇల్లు గడవదు.

పింఛనుకి సదరం సర్టిఫికెట్ ఉండాలి. సచివాలయంలో స్లాట్ బుక్ చేయించుకుని ఆసుపత్రిలో జరిగే క్యాంపుకి వెళితే, ఎముకల డాక్టరు పరీక్ష చేసి వైకల్యం ఎంత శాతమో వేస్తారు. నలభైకి తగ్గితే పింఛను లేదు. సూరిబాబు గారికి తగ్గింది.

లోపల ఏం జరిగిందని అడిగితే మంగ చెప్పింది. ఆయన గడ్డం గీయించుకుని, ఇస్త్రీ పంచె కట్టుకుని వెళ్లారట. డాక్టరు గారి గది గుమ్మం దగ్గర చెప్పులతో పాటు కర్ర కూడా బయటే విడిచారట. గోడ పట్టుకుని లోపలికి వెళ్లి నిటారుగా నిలబడ్డారట. ఎలా ఉందని అడిగితే, "తమ దయవల్ల బాగానే ఉందండి" అన్నారట.

నాకు ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. "ఏం మనిషండీ బాబూ! మీరు వెళ్లింది పింఛనుకా, పెళ్లిచూపులకా?" అన్నాను.

"పెద్ద డాక్టరు గారి ముందు కర్రేసుకుని నించుంటే ఏం బాగుంటదండి?" అన్నారాయన, తప్పంతా నాదే అయినట్టు.

ఆయన్ని అని ఏం లాభం? మా వైపు మర్యాదే అంత. జ్వరంతో మూలుగుతున్నవాడు కూడా ఎవరైనా పలకరిస్తే బాగానే ఉందంటాడు.

మళ్లీ పరీక్ష చేయమని అర్జీ పెట్టించాను. ఆధార్, ఆపరేషను కాగితాలు, ఎక్స్‌రేలు ఒక కవర్లో సర్దించాను. అవన్నీ తేలికే. ఆయన చేత నిజం చెప్పించడమే గగనమైపోయింది. భోజనాల వేళ వెనక వరండాలో నేనే డాక్టరునై ఎలా ఉందని అడిగేదాన్ని. "ఆయ్, బాగానే..." అని నాలిక కరుచుకునేవారు. విసుగొచ్చి చివరికి చెప్పాను: "ఎలా ఉందన్నదానికి జవాబు చెప్పకండి. మీ పని చెప్పండి. ఏం చేసేవారో, ఇప్పుడేం చెయ్యలేరో అది చెప్పండి." ఆయన తలొంచుకున్నారు. పక్కన మంగ, వచ్చే దింపుల నాటికి ఎలాగూ ఎక్కుతారు లెండి, అంది.

క్యాంపు రోజున జనాన్ని సర్దడానికి మా ఆఫీసు నుంచి నన్ను పంపారు. పొద్దున్నే ముగ్గురం పంటు మీద పాయ దాటాం. మంచు ఎంత దట్టంగా ఉందంటే అవతలి గట్టు లేదేమో అనిపించింది. ఇంజను చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపిస్తోంది. మంచు పైన కొబ్బరి చెట్ల తలలు మాత్రం మొదళ్లు లేకుండా తేలుతున్నాయి. సూరిబాబు గారు వాటినే చూస్తూ నిలబడ్డారు.

ఈసారి కర్రతోనే లోపలికి వెళ్లారు, నేను పక్కనే ఉండి తీసుకెళ్లాను. మంగ కూడా మా వెనకే వచ్చింది. చిన్న వయసు డాక్టరమ్మ. ఎలా ఉందండీ అని అడిగింది. ఆయన నోరు తెరిచి, నా వైపు చూసి, ఆగిపోయారు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టారు.

"పాదాలకి తాడేసుకుని ఎక్కేవోణ్ణండి. మోకాళ్లు మడిచి ఒళ్లు పైకి లాక్కోవాలండి. పైకెళ్తే గోదారి మొత్తం కనపడతాదండి. ఇప్పుడు కలలోనే ఎక్కుతన్నానండి. అక్కడ మోకాలు బాగా మడత పడతాదండి. మెలకువొస్తే మంచం మీంచి లేవలేనండి." ఆఖరికి అన్నారు: "ఇంక ఎక్కలేనండి. ఎప్పటికీ ఎక్కలేను."

డాక్టరమ్మ లేచి వచ్చి ఆయన్ని మంచం మీద పడుకోబెట్టి, మోకాలు ఎంతవరకు వంగుతుందో చాలాసేపు కొలిచి చూసింది. ఈసారి నలభై దాటింది. ఆ తర్వాత పింఛనూ మంజూరైంది.

కానీ ఆ గదిలోంచి బయటికి రాగానే మంగ వరండాలో గోడకి చేరగిలబడి కూర్చుండిపోయింది. పింఛను వస్తుందిలే, పైకి లే అన్నాను. ఆమె నా మొహం కూడా చూడలేదు.

"నాకెప్పుడూ చెప్పలేదండి ఆ మాట. వచ్చే దింపులకి ఎక్కుతానంటానే ఉన్నారు. పడిన కాణ్ణించీ అదే అంటన్నారు. నేనూ నమ్మానండి," అంది.

సూరిబాబు గారు కర్ర మీద ఒరిగి ఆమె పక్కన నిలబడ్డారు.

ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సదరం కోసం చాలామందిని సిద్ధం చేశాను. ఏ కాగితాలు కావాలో చెప్పడం పనిలో భాగం, ఎవరైనా చెప్పగలరు. నేను మాత్రం ఆ రోజు తర్వాత ఎవరొచ్చినా కాగితాల సంగతి ఎత్తకముందే ఒకటి అడిగేదాన్ని: మీకు ఏది చేతకాదో ఇంట్లో వాళ్లకి చెప్పారా? చెప్పలేదంటే, ముందు ఇంటికెళ్లి చెప్పి రమ్మనేదాన్ని.